పొద్దున్న ఆరింటికి మొరాయించే బాయిలరు

గిరిధరరావు విశాఖపట్నంలో పద్దెనిమిదేళ్లు యంత్రాల భద్రత పరీక్షించే ఉద్యోగం చేశాడు గాని, ఏ కాగితం మీదా ఒక్కడే సంతకం పెట్టలేదు. అక్కడ ప్రతి కాగితానికీ ఏడు సంతకాలుండేవి. అతనిది నాలుగోది. పైన ముగ్గురు పెట్టారు కదా అని పెట్టేవాడు, కింద ఇంకో ముగ్గురు చూస్తారు కదా అని నిద్రపోయేవాడు. అదే ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చి ఏడాదైంది. ఇప్పుడు సిడెన్‌హామ్ పేటలో, రానీ గారి లాండ్రీలో, సబ్బు వాసన మధ్య నిలబడి ఉన్న అతని చేతిలోని కాగితం మీద గీత ఒక్కటే ఉంది.

1997 అది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే కాంట్రాక్టు ఎప్పుడూ ఒకే పెద్ద కంపెనీకి పోయేది. తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక చిన్నవాళ్లు కూడా అడగొచ్చన్నారు. రానీ అడిగింది, వచ్చింది. ఒక షరతు మాత్రం పెట్టారు. పాత బొగ్గు బాయిలరు పనికిరాదు. నూనెతో దానంతటదే వెలిగి, దానంతటదే ఆరే కొత్త రకం పెట్టాలి. అది నమ్మదగిందని బయటి నిపుణుడొకడు పరీక్షించి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా సంతకం పెట్టాలి. లేదంటే కాంట్రాక్టు జాబితాలో రెండో పేరుకు పోతుంది. పాత బాయిలరు అప్పటికే విప్పేశారు కాబట్టి లాండ్రీకి తాళం పడుతుంది. ఇస్త్రీ బల్లల దగ్గర నలభై మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరూ గిరిధరరావును ఏమీ అడగలేదు. అతను అటు వెళ్లినప్పుడల్లా పాట ఆపి చూసేవారు, అంతే.

బాయిలరు చూడముచ్చటగా ఉంది. నీలం రంగు వేసిన పెద్ద ఇనప పీపా, పక్కకు పడుకోబెట్టినట్టు. ముందువైపు నూనె చిమ్మే గొట్టం, దాని పక్కనే ఒక గాజు కన్ను. ఆ కన్నే ఈ కొత్త రకంలో అసలు విశేషం. అది లోపలికి చూస్తూ ఉంటుంది. మంట ఉంటే నూనె వదలమంటుంది, మంట ఆరితే నాలుగు సెకన్లలో నూనె కట్టేయమంటుంది. వెలిగించే ముందు కూడా కన్నునే అడగాలి. లోపల చీకటిగా ఉందా? ఉందంటేనే మొదలు. లేదంటే ఎర్ర దీపం వెలిగి అంతా ఆగిపోతుంది.

గిరిధరరావు ఆవిరి ఒత్తిడి పరీక్షించాడు, నీటి మట్టం తగ్గించి చూశాడు, కరెంటు తీసి చూశాడు. అన్నీ బాగున్నాయి. ఒక్కటే బాగాలేదు. పొద్దున్న ఆరింటికి బాయిలరు లేవదు. మీట నొక్కగానే ఎర్ర దీపం. బాయిలరు అమ్మిన కంపెనీ తరఫున వచ్చిన లయొనెల్ తాళంచెవి తిప్పి, పావుగంట ఆగి మళ్లీ నొక్కితే, ఏమీ ఎరగనట్టు హాయిగా వెలిగేది. ఇక రోజంతా పేచీ లేదు.

"ఏం లయొనెల్, నీ మహారాణి ఇవాళ కూడా నిద్ర లేవలేదా?" అంది రానీ గురువారం ఉదయం. మాటలన్నీ ఇంగ్లీషులోనే. రానీకి తెలుగు తిట్టడానికి సరిపడా వచ్చు. "దరిద్రప్పీనుగ!" అని బాయిలరు వైపు చూసి, లయొనెల్‌ను కూడా అందులో కలుపుకుంది.

"కరెంటు మేడమ్. పొద్దున్న మీ వీధిలో కరెంటు సరిగా ఉండదు."

"మంగళవారం చెమ్మ అన్నావు. నిన్న ఎండ అన్నావు."

"ఎండ అన్నది నేను కాదు, మిస్టర్ రావ్."

నిజమే, ఎండ అన్నది గిరిధరరావు. తూర్పు కిటికీలోంచి పొద్దుటి వెలుతురు ఏ సందులోంచో కన్నుమీద పడుతోందేమోనని కిటికీకంతటికీ పాత పేపర్లు అంటించాడు. ఆరింటికి ఎర్ర దీపమే వెలిగింది. ఆడవాళ్లు ఆ పేపర్లలో క్రికెట్ వార్తలు చదువుకుంటూ పోయారు.

బాయిలరు మనిషి యెల్లప్ప ఇదంతా గోడవారన నిలబడి చూస్తుండేవాడు. అరవై మూడేళ్లు. బొగ్గు పారతో నలభై ఏళ్లు పనిచేసిన భుజాలు. తాతగారు విజయనగరం వైపు నుంచి చెరుకుతోటల పనికి ఓడలో వచ్చారట. ఊరి పేరు అడిగితే నవ్వేవాడు. గిరిధరరావు మొదటిరోజు "యెల్లప్ప గారూ" అని పిలిస్తే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అనుకొని.

"గారు ఏమి బాబూ? నాకు ఎవరూ గారు చెప్పలే. యెల్లప్ప చెప్పు, సాలు."

"పెద్దవాళ్లు కదా."

"పెద్ద అంటే అంకుల్ చెప్పు. ఈడ అందరికీ అంకులే."

ఆ మాటతీరు గిరిధరరావుకు ఎంతో నచ్చింది. తన అమ్మమ్మ మాటల్లోని యాస అందులో ఉంది. క్రియలు మాత్రం ఎక్కడో రాలిపోయాయి. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి అన్నం తినేవారు. యెల్లప్ప డబ్బాలో పప్పూ, ఎండు చేపలూ. ఏడాదిగా ఆఫీసులో ఎవరితోనూ రెండు మాటలకు మించి కలవని గిరిధరరావు, యెల్లప్ప పక్కన కూర్చుని అరగంట మాట్లాడకుండా ఉండగలిగేవాడు. అతనికి అంతకన్నా దగ్గరితనం తెలియదు.

అందుకే గురువారం మధ్యాహ్నం చిట్టా పుస్తకం తిరగేసినప్పుడు కనబడింది నమ్మబుద్ధి కాలేదు. బాయిలరు వచ్చాక గడిచిన పదకొండు ఉదయాల్లో తొమ్మిది సార్లు ఎర్ర దీపం. రెండు రోజులు మాత్రం మొదటిసారికే వెలిగింది. ఆ రెండు రోజులూ హాజరు పట్టీలో యెల్లప్ప పేరుకెదురుగా "సెలవు" అని ఉంది.

పుస్తకం మూసి, మళ్లీ తెరిచి చూశాడు. అదే ఉంది.

సాయంత్రం గ్రీన్‌వుడ్ పార్క్ పేటలోని ఇంటికి చేరాక అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. ఎదురుగా భార్య జ్ఞానప్రసూన.

"బాయిలరేనా?" అంది.

"దాన్ని ఒక మనిషి పాడుచేస్తున్నాడేమో. పార పట్టినవాడు. ఇక పార అక్కర్లేదన్నారు. కోపం ఉండదూ?"

"మీకు అతనంటే ఇష్టం కదా."

"ఇష్టానికీ దీనికీ సంబంధం లేదు."

"సంబంధం లేకపోతే అన్నం తినండి."

తిన్నాడు. ఆమె పెరుగు వేస్తూ మామూలుగా అడిగింది. "మీకు భయం దేని మీదండీ? ఆ బాయిలరు మీదా, సంతకం మీదా?"

అతను చేయి కడుక్కుంటూ దాని గురించే ఆలోచించాడు. యెల్లప్పే తప్పు చేశాడని తేలితే తను సంతకం పెట్టనక్కర్లేదు. పట్టీలో "సెలవు" చూసిన క్షణంలో కలిగింది బాధ ఒక్కటే కాదు. దాని అడుగున ఒక చిన్న ఊరట కూడా ఉంది. ఆ ఊరటను గుర్తుపట్టాక అతనికి తనమీద తనకే సిగ్గేసింది. నేను వెతుకుతున్నది తప్పునా, తప్పించుకునే దారినా? ఆ ప్రశ్నను అలాగే వదిలేసి, గడియారానికి నాలుగున్నరకు అలారం పెట్టాడు.

శుక్రవారం ఐదుంపావుకు లాండ్రీ వెనక తలుపు దగ్గర ఉన్నాడు. కాపలావాడు లోపలికి వదిలాడు. బాయిలరు గదిలో దీపం వెలుగుతోంది. గిరిధరరావు మురికి దుప్పట్ల బండి వెనక నిలబడ్డాడు. నలభై నాలుగేళ్ల ఇంజనీరు, ఆసుపత్రి దుప్పట్ల చాటున! తన వాలకం తనకే కనిపించి నవ్వు రాబోయింది. ఆపుకున్నాడు.

ఆరుకు అయిదు నిమిషాలు ఉందనగా యెల్లప్ప వచ్చాడు. తడి తల, శుభ్రమైన చొక్కా. చెప్పులు గుమ్మం బయటే వదిలాడు. మీటల వైపు పోలేదు. బాయిలరు వెనక్కి వెళ్లి, లోపల శుభ్రం చేసేటప్పుడు చూడటానికి పెట్టిన అరచేయంత ఇనప తలుపు తెరిచాడు. జేబులోంచి పొట్లం తీశాడు. లోపల వెనక గోడకు పేర్చిన ఇటుకల అంచు మీద ఏదో పెట్టి అగ్గిపుల్ల గీశాడు. చేతులు జోడించి పెదాలు కదిపాడు. తలుపు మెల్లగా మూసి, ముందుకొచ్చి, మీట నొక్కాడు.

ఎర్ర దీపం.

"అయ్యో తల్లీ," అన్నాడు యెల్లప్ప, నిజంగా నొచ్చుకొని. "ఇంకా కోపమా?"

గిరిధరరావు బండి వెనక నుంచి బయటికొచ్చాడు. యెల్లప్ప అక్కడి జూలూ వాళ్లలా అరిచి ఎగిరిపడ్డాడు.

"హౌ! బాబూ! నువ్వు దయ్యమా?"

"ఏం పెట్టారు లోపల?"

యెల్లప్ప పొట్లం విప్పి చూపించాడు. కర్పూరం. బిళ్లలు కాదు, వక్కంత ముద్ద.

"కప్రం. మా నాన్న షుగర్ మిల్లులో బాయిలర్. మొదట కప్రం, తర్వాత నిప్పు. హారతి లేక ఆవిరి అడగకూడదు చెప్పే. పాతదానికి నలబై సంవత్సరం ఇచ్చినా. ఒక్క రోజు ఎవర్నీ కాల్చలే అది."

"మరి రహస్యంగా ఎందుకు?"

"రానీ అరిచింది కదా. కొత్త మిషిను వచ్చిన దినం పసుపు పూసినా. పసుపు స్విచ్‌లో పోయె. ఇంకొక సారి పూజ చేస్తే ఇంటికి పో చెప్పె." గొంతు తగ్గించాడు. "మొదటి దినం కొంచెం పెట్టినా, శెనగ గింజ అంత. లేవలే. సాలలేదు అనుకొని రేపు ఎక్కువ. లేవలే. ఇంకా ఎక్కువ. దీనికి చాలా ఆకలి బాబూ."

గిరిధరరావుకు నవ్వు పొంగుకొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. గోడకానుకొని, కళ్లద్దాలు తీసి, ఏడాదిలో ఎప్పుడూ నవ్వనంత నవ్వాడు. యెల్లప్ప కంగారుగా చూసి, తర్వాత ఎందుకో తెలియకుండానే తనూ నవ్వాడు. ఇవాళ్టితో పది ఉదయాలుగా కన్ను ఎదుటి చివర చిన్న మంట చూసి, లోపల చీకటి లేదు, వెలిగించను అంటోంది. పావుగంటలో కర్పూరం కరిగిపోతోంది. బూడిద కూడా మిగలదు. ఇంకేం కనబడుతుంది లయొనెల్‌కు? సెలవు రోజున హారతి లేదు, ఎర్ర దీపమూ లేదు.

"అది కోపం కాదు అంకుల్," అన్నాడు గిరిధరరావు. తను అంకుల్ అన్నానని అన్నాక తెలిసింది. "అది సరిగ్గా పనిచేస్తోంది."

రానీ, లయొనెల్ వచ్చాక జరిగింది చెప్పాడు. లయొనెల్ చప్పట్లు కొట్టాడు. రానీ యెల్లప్పను తిట్టడం తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి, మధ్యలో జూలూలోకి వెళ్లి, తిరిగి తెలుగుకొచ్చి ముగించింది.

"ముసలి ముండాకొడకా, నా కాంట్రాక్టుకే హారతి ఇస్తావురా?"

"నీకు మంచి కావాలి అనే పెట్టినా రానమ్మా."

"ఇంటికి పో!"

"పోను. ఆవిరి ఎవరు చూస్తారు?"

రానీ పెన్ను తీసి గిరిధరరావు ముందు పెట్టింది. "ఇక పెట్టండి మిస్టర్ రావ్. తేలిపోయింది కదా."

అతను కాగితం తీశాడు. పెన్ను మూత తీశాడు. ఎదురుగా ఒకే ఒక్క గీత. వెంటనే పాత భయం వచ్చింది, పిలవకుండానే. దాన్ని తిట్టి పంపించెయ్యాలనిపించింది. నిన్న రాత్రి అది తప్పించుకునే దారి వెతికింది, నిజమే. ఈ పొద్దున్న అదేం వెతుకుతోంది? పెన్ను పట్టుకొని అలాగే నిలబడ్డాడు. రానీ దగ్గింది. భయం మాత్రం ఈసారి ఒక ప్రశ్నతో వచ్చింది, స్పష్టంగా, ఇంజనీరు భాషలో. వెలిగించే ముందు కన్ను కర్పూరాన్ని మంట అనుకుంది. బాగుంది, అందుకే ఆగిపోయింది. వెలిగించిన తర్వాత కూడా కర్పూరాన్ని మంట అనుకుంటే?

"ఇంకొక్క పరీక్ష," అన్నాడు.

"నా ప్రాణం తీస్తున్నాడు ఈయన," అంది రానీ ఎవరితోనూ కాకుండా.

నూనె గొట్టాన్ని చేతితో పూర్తిగా కట్టేయించాడు. ఒక్క చుక్క లోపలికి పోదు. కన్ను ముందు చీకటి చూస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, నిప్పురవ్వ పడుతుంది, నూనె వస్తోందనుకుంటుంది. నాలుగు సెకన్లలో మంట కనబడదు కాబట్టి ఆపేయాలి. సరిగ్గా నిప్పురవ్వ పడే క్షణంలో వెనక నుంచి యెల్లప్ప పొడుగు గరిటెలో వెలుగుతున్న కర్పూరాన్ని ఇటుకల అంచున పెట్టాలి.

"ఇప్పుడు నన్ను పెట్టు అని చెప్తావా?" అన్నాడు యెల్లప్ప, రానీ వైపు ఓరగా చూస్తూ.

"పెట్టండి."

మీట నొక్కారు. ఫ్యాను మోగింది. రవ్వ చిటపటలాడింది. యెల్లప్ప గరిటె లోపలికి పెట్టాడు. లయొనెల్ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు. ఆరు.

ఆకుపచ్చ దీపం వెలిగింది. లోపల నూనె లేదు, మంట లేదు, వక్కంత కర్పూరం ఉంది. బాయిలరు మాత్రం బ్రహ్మాండంగా మండుతున్నానని చెబుతోంది.

లయొనెల్ మొదట తేరుకున్నాడు. "మిస్టర్ రావ్, నడుస్తున్న బాయిలరులో ఎవరు కర్పూరం పెడతారు?"

"కర్పూరం ఎవరూ పెట్టరు. వెనక ఇటుకలు ఉన్నాయి కదా. రోజంతా కాలి ఎర్రగా ఉంటాయి. మంట ఆరిపోయినా అవి ఎర్రగానే ఉంటే, మీ కన్ను ఏమనుకుంటుంది?"

లయొనెల్ యెల్లప్ప వైపు తిరిగాడు. యెల్లప్ప తల ఊపాడు. "యా. పాతదాంట్లో నిప్పు చచ్చిపోయినా ఇటుక ఎర్రగా. ఆ వెలుతురులో పేపర్ చదవొచ్చు."

"అప్పుడు నూనె పోతూనే ఉంటుంది," అన్నాడు గిరిధరరావు. "పీపా అడుగంతా. ఆ తర్వాత ఇటుకల వేడికి ఒక్కసారిగా అంటుకుంటుంది."

రానీ వెనక్కి తిరిగి ఇస్త్రీ గది వైపు చూసింది. గోడ అవతల ఆడవాళ్లు పాడుతున్నారు. ఆమె మెల్లగా స్టూలు మీద కూర్చుంది. "లయొనెల్," అంది, ఈసారి అరవకుండా, "ఐదింటికి ముందు ఇది బాగుచెయ్యి."

లయొనెల్ చాలా మంచి పనివాడని అప్పుడు తెలిసింది. కంపెనీకి ఫోన్ చేసి గంట వాదించాడు. కన్ను నేరుగా వెనక గోడను చూస్తోంది, అదే తప్పు. దాన్ని పక్కకు వంచి నూనె చిమ్మే చోటు మాత్రమే కనబడేలా పెట్టాలి. ముందు సన్నని ఇత్తడి గొట్టం తొడగాలి. అలాంటి గొట్టం దొరక్కపోతే యెల్లప్ప పాత బాయిలరు ముక్కల కుప్పలోంచి ఒకటి ఏరుకొచ్చాడు. లయొనెల్ దాన్ని కోసి, అరగదీసి, తొడిగాడు. భోజనాలు ఎవరూ చేయలేదు. ఆడవాళ్లలో ఒకామె పళ్లెంలో బ్రెడ్డూ బీన్స్ కూరా తెచ్చి గిరిధరరావు చేతిలో పెట్టి, మళ్లీ ఇస్త్రీ బల్ల దగ్గరకు వెళ్లిపోయింది.

మూడింటికి మళ్లీ మొదలుపెట్టారు. నూనె కట్టేశారు. ఫ్యాను. రవ్వ. కర్పూరం. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఎర్ర దీపం.

"ఎర్ర!" అని అరిచాడు యెల్లప్ప, గరిటె ఎత్తి. పన్నెండు రోజులుగా ఆ దీపాన్ని తిట్టుకున్నవాళ్లంతా దాన్ని చూసి ఈలలు వేశారు. తలుపు దగ్గరకు చేరిన ఆడవాళ్లు ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. గిరిధరరావు పది సార్లు చేయించాడు. పది సార్లూ ఎర్ర దీపమే. తర్వాత నిజం నూనెతో వెలిగించి, గంట మండనిచ్చి, ఇటుకలు ఎర్రబడ్డాక నూనె ఠక్కున కట్టాడు. నాలుగో సెకనులో అంతా ఆగింది. చిన్న గాజు కంతలోంచి చూస్తే ఇటుకలు ఎర్రగా ఉన్నాయి. కన్ను వాటిని పట్టించుకోలేదు.

నాలుగూ నలభై. బల్ల మీద కాగితం. గిరిధరరావు పెన్ను పట్టుకున్నాడు. భయం ఉంది, పోలేదు. పోవాలని అతను ఇప్పుడు కోరుకోలేదు కూడా. అది ఆ మధ్యాహ్నమంతా తన పక్కనే పనిచేసిన మనిషిలా అనిపించింది. సంతకానికి పైన షరతులు రాసే చోటు ఖాళీగా ఉంది. అక్కడ మొదలుపెట్టాడు. వారానికొకసారి, నూనె కట్టేసి, బాయిలరు మనిషి వెనక తలుపు దగ్గర చిన్న మంట పెట్టి కన్నును పరీక్షించాలి. ఆ మంట ఉన్నా బాయిలరు ఆగాలి.

"ఏం రాస్తున్నావు?" అన్నాడు యెల్లప్ప, భుజం మీంచి వంగి. గిరిధరరావు చదివి వినిపించాడు. యెల్లప్ప కాగితం మీద వేలు పెట్టాడు.

"అంటే నేను పెట్టాలి. కాగితం చెప్తుంది."

"వారానికొకసారి. నూనె కట్టాకే. మిగతా రోజులు హారతి తలుపు బయట, గచ్చు మీద."

"రానీ ఏమీ చెప్పకూడదు?"

"కాగితం మీద ఉంటే నేనేం చెప్పను?" అంది రానీ. "త్వరగా కానీయండి, పదిహేను నిమిషాలుంది!"

"చిన్న మంట అంటే కుదరదు," అన్నాడు లయొనెల్ హుషారుగా. "ఎంత మంటో రాయాలి. లేకపోతే ఈయన మళ్లీ వక్కంత పెడతాడు."

నిజమే. గిరిధరరావు ఆలోచించి రాశాడు. కర్పూరం, ఒక బిళ్ల.

"ఒకటా?" అన్నాడు యెల్లప్ప. ముఖం చిన్నబోయింది. "బాబూ, ఒక బిళ్ల దానికి ఏమి సాలుతుంది? రెండు రాయి."

గిరిధరరావు లెక్క వేసుకున్నాడు. మంట పెద్దదయ్యేకొద్దీ కన్ను మోసపోయే అవకాశం ఎక్కువ. పరీక్ష అంత గట్టిది.

ఒకటి కొట్టేసి రెండు అని రాశాడు. కింద ఉన్న ఒక్క గీత మీద సంతకం పెట్టాడు.